బర్కాలో గిత్తల పోరు

ఒమన్ రాజధాని మస్కట్ దాటి సముద్రం వెంబడి వాయవ్యంగా సాగితే బర్కా. శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక ఊరి దారుల నిండా పికప్ బండ్లే. ఒక్కోదానిలో ఒక్కో గిత్త. సీబ్‌వి కొన్ని, సువైక్‌వి కొన్ని, ఇంకా పైనున్న సహమ్ నుంచి వచ్చినవి కొన్ని. పేరుకి గిత్తల పోటీ గానీ నిజానికి ఊళ్ల పోటీ.

గుండ్రటి ఇసుక మైదానం, చుట్టూ పొట్టి సిమెంటు గోడ. గోడ మీదా ఇసుకలోనూ తెల్లని దిష్‌దాషా అంగీలు, తలల మీద కుట్టుపని చేసిన కుమ్మా టోపీలు. ఈడూ బరువూ చూసి పెద్దలు జత కడతారు. రెండు గిత్తలూ నుదురు నుదురు ఆనించి తోసుకుంటాయి. గిట్టలు ఇసుకలో దిగబడతాయి, మెడ నరాలు తేలతాయి. వెనుదిరిగి పరుగెత్తినది ఓడినట్టు. అంతా కొద్ది నిమిషాలే. దెబ్బ తగిలేలోపు పగ్గాలు పట్టుకున్నవాళ్లు విడదీసేస్తారు. నేను చూసినంతసేపు నెత్తుటి చుక్క రాలలేదు. కొన్ని జతలైతే కలబడనే లేదు, వాటినెవరూ రెచ్చగొట్టలేదు. అది నాకు బాగా నచ్చింది.

ఈ ఆటను పోర్చుగీసువాళ్లు తెచ్చారని చాలామంది అంటారు. 1507 నుంచి 1650 దాకా ఈ తీరం మీద వాళ్ల పెత్తనం సాగిన మాట నిజమే. కానీ వాళ్ల దేశంలో పేరుపడ్డ ఆటలో గిత్తకు ఎదురు నిలిచేది మనిషి. ఇక్కడ గిత్తకు గిత్తే. ఆ కథ నాకు నమ్మబుద్ధి కాలేదు.

మేత సంగతి వింటే ఆశ్చర్యం వేస్తుంది: ఖర్జూరం, తేనె, నెయ్యి, ఎండుచేపలు. పశువులకు చేపలు పెట్టడం ఒమన్‌లో పాత అలవాటే. పద్నాలుగో శతాబ్దంలో దక్షిణ ఒమన్‌లోని ధోఫార్ వచ్చిన యాత్రికుడు ఇబ్న్ బతూతా కూడా దీని గురించి రాశాడు. ఇంత పోషణా చేసి గెలిస్తే దక్కేది ఊరికి పేరు, గిత్తకు మంచి ధర. పందేలు లేవు, నగదు బహుమతీ లేదు.

ఒకప్పుడు బర్కా ఉన్న ఈ బాతినా తీరంలోని ఖర్జూర తోటలకు బావుల నుంచి నీళ్లు తోడింది పశువులే. ఆ ఏర్పాటును జాజ్రా అంటారు, అచ్చం మన మోటబావి. పంపులొచ్చి ఆ పని పోయింది. మన దగ్గర ట్రాక్టర్లొచ్చాక ఒంగోలు గిత్తకూ అదే గతి పట్టింది. దాన్ని కొంతైనా నిలబెట్టినవి బండలాగుడు పోటీలే. పని పోయినా పశువును వదులుకోని రైతు ఎక్కడివాడైనా గౌరవించదగ్గవాడు.

చలికాలంలో ఒమన్ వెళ్లేవాళ్లు ఒక శుక్రవారం సాయంత్రం దీనికి కేటాయించండి. పోటీ ప్రతి వారం ఉండదు, ఒకే ఊళ్లోనూ జరగదు. ఎక్కడ జరుగుతుందో ముందే కనుక్కుని బయల్దేరండి.