ఒడెస్సా మెట్లు

నల్లసముద్రపు రేవు నుంచి ఒడెస్సా నగరంలోకి దారితీసే 192 రాతిమెట్లలో ఒక విచిత్రం ఉంది. కింద నిలబడి చూసేవారికి మెట్లు మాత్రమే కనిపిస్తాయి. పైనుంచి చూసేవారికి మెట్టు ఒక్కటీ కనిపించదు. మధ్యమధ్యనున్న విశాలమైన అరుగులే కనిపిస్తాయి. 1841లో ఈ సోపానపంక్తి పూర్తయినప్పుడు ఇక్కడి పాలకుడు మిహయీల్ వొరంత్సోవ్. పైకెక్కి, చెట్ల నీడన సాగే బాట చివరికి నడిస్తే ఆయన భవనం కనిపిస్తుంది. ఆ ప్రభువు జీవితమూ చూసేవారు నిలిచిన చోటును బట్టి మారిపోతుంది.

1782లో పీటర్స్‌బర్గ్‌లో పుట్టిన వొరంత్సోవ్, తండ్రి రష్యా రాయబారిగా ఉన్న లండన్‌లో పెరిగాడు. 1812లో బొరొదినో యుద్ధంలో గాయపడ్డాడు. ఆయన నాయకత్వంలో దాదాపు నాలుగువేల మంది పోరాడగా, చివరికి సుమారు మూడువందల మందే మిగిలారు. మాస్కోలోని తన ఇంటి సామగ్రిని తరలించేందుకు బళ్లు వచ్చాయి. ఆ సామానును వదిలివేసి, బళ్లలో క్షతగాత్రులను ఎక్కించమన్నాడు. తన పల్లె భవనంలో వారికి సొంత ఖర్చుతో వైద్యం చేయించాడు. 1818లో రష్యా సేన ఫ్రాన్సును విడిచి వచ్చేటప్పుడు, తన అధికారులు అక్కడ చేసిన అప్పులన్నీ తానే తీర్చాడు.

1823లో ఆయన గవర్నర్ జనరల్‌గా ఒడెస్సా చేరాడు. ఆ ఏడే, ప్రవాసంలో ఉన్న పుష్కిన్ ఆయన కొలువుకు వచ్చాడు. గవర్నర్ దృష్టిలో ఆ మహాకవి ఒక చిరుద్యోగి. మరుసటి ఏడాది మిడతల దండు సంగతి విచారించి రమ్మని జిల్లాలకు పంపాడు. అవమానంతో రగిలిన పుష్కిన్ ఆయనపై ఒక చిన్న ఎగతాళి పద్యం రాశాడు. తరతరాల పాఠకులు వొరంత్సోవ్‌ను ఆ పద్యంలో నుంచే చూశారు. 1844 నుంచి కాకసస్‌లో రాజప్రతినిధిగా తమపై యుద్ధం నడిపిన ఆయనను కొండజాతులవారు చూసిన తీరు మరొకటి.

1856లో ఒడెస్సాలో మరణించిన ఆయనను నగర ప్రధాన చర్చిలో సమాధి చేశారు. 1936లో సోవియట్ పాలకులు చర్చిని కూల్చగా, అస్థికలు ఒక మామూలు శ్మశానానికి చేరాయి. తిరిగి నిర్మించిన చర్చికి అవి 2005లో మరలివచ్చాయి. 2023 జూలైలో రష్యా క్షిపణి ఆ చర్చి కప్పునే చీల్చింది. ఏ సామ్రాజ్యం కోసం ఆయన నెత్తురు చిందించాడో, దాని వారసుల ఆయుధం ఆయన సమాధి ఉన్న కప్పు మీదనే పడింది.

మెట్లు మాత్రం అక్కడే ఉన్నాయి, కింద నుంచి ఒకలా, పైనుంచి మరొకలా కనిపిస్తూ.