వీరునకు తగిన ఆట

కథలలో పుట్టిన వీరులు కథలలోనే నిలిచియుండరు. 1938లో జెర్రీ సీగెల్, జో షుస్టర్ అను ఇద్దరు యువకులు క్లీవ్‌లాండ్ నగరమునుండి లోకమునకు పరిచయము చేసిన సూపర్‌మ్యాన్‌ను గాని, మరుసటి యేట అవతరించిన బ్యాట్‌మ్యాన్‌ను గాని, 1962లో స్టాన్ లీ, స్టీవ్ డిట్కోల చేతులలో రూపుదిద్దుకొన్న స్పైడర్‌మ్యాన్‌ను గాని అమెరికా కామిక్ పుస్తకముల పుటలు చిరకాలము బంధింపజాలకపోయినవి; వారు తెరకెక్కిరి, దేశదేశముల బాలుర ఊహలకెక్కిరి, కడకు వీడియో గేములలోనికి ప్రవేశించిరి. పుస్తకము వీరుని మనచేత ఊహింపజేయును, చలనచిత్రము వీరుని మనకు చూపును. గేము ఒక్కటియే ‘ఆ వీరుడవు నీవే’ యని పలికి, వాని కాలుసేతులను మన వ్రేళ్లకు అప్పగించును. తక్కిన కళలకు లేని ఈ అధికారముతోపాటు తక్కిన కళలకు లేని బాధ్యత కూడ దానికి సంక్రమించినది: వీరుని స్వభావమేదో, వాని బలమేదో, బలహీనతయేదో, వాడు చేయనొల్లని పనియేదో, ఇవన్నియు ఆడువాని వ్రేళ్లకే తెలియునట్లు చేయవలెను. ఈ బాధ్యతను ఎరిగి నెరవేర్చిన శిల్పులు మొన్నమొన్నటివరకు ఉండిరి. నేడు ధనము పెరిగి, యంత్రశక్తి పెరిగి, చిత్రముల కాంతి పెరిగి, ఆ ఎరుక మాత్రము సన్నగిల్లుచుండుట చూచి, ఈ ఆటలను మనసార ప్రేమించినవాడనగుటచేత నాకు దుఃఖము కలుగుచున్నది.

11వ శతాబ్దమున కాశ్మీరదేశీయుడైన క్షేమేంద్రుడు కావ్యమునకు ఔచిత్యమే ప్రాణమని సిద్ధాంతము చేసెను. ఎవని మాట వానికి తగియుండవలెను, ఎవని చేత వానికి ఒప్పియుండవలెను అను ఈ సూత్రము మన కవులకు కొత్త గాదు. తిక్కన సోమయాజి తన భారతమున భీమునిచేత కీచకుని బాహుబలముతోనే పరిమార్చించెను. గోగ్రహణ సమయమున గాండీవమును అర్జునుని చేతికే అందించెను. పంచపాండవులకును ఒకే ఆయుధమిచ్చి, ఒకే తీరున పోరాడించి, ఎవరెందరిని కూల్చిరో లెక్క వ్రాసియుండినచో, ఆ కావ్యమున భీముడును అర్జునుడును పేర్లుగా మాత్రమే మిగిలియుందురు. నేటి సూపర్‌హీరో గేములకు పట్టిన వ్యాధి సరిగా ఇదియే.

పాతవన్నియు గొప్పవి యని నేను చెప్పబోను. 1999లో నింటెండో 64 యంత్రమునకై టైటస్ సంస్థ వెలువరించిన సూపర్‌మ్యాన్ గేములో, ఆకాశమే హద్దుగా ఎగురవలసిన మహాబలుడు, శత్రువైన లెక్స్ లూథర్ అమర్చిన వలయముల గుండా దూరుచు, పొగమంచు క్రమ్మిన నగరముపై గంటల తరబడి తిరుగుట చూచినవారెవ్వరును ఆ కాలమును స్వర్ణయుగమనజాలరు. చలనచిత్రము విడుదలయగు దినమునకే గేమును అంగళ్లకు చేర్చవలెనను తొందరలో అర్ధాంతరముగా ముగించిన ఆటలు నాడు కోకొల్లలు. అయినను ఆ దోషములు తొందరవలనను పేదరికమువలనను పుట్టినవే గాని, ఉద్దేశములోని లోపమువలన కావు. 1979లో అటారీ కన్సోలునకై వచ్చిన సూపర్‌మ్యాన్ గేమునే చూడుడు. 4 కిలోబైట్ల ఇరుకులో, కొద్ది రంగుల చుక్కలతో నిర్మించిన ఆ ఆటలో సూపర్‌మ్యాన్‌కు మరణము లేదు; వాని బలమును హరించు క్రిప్టోనైట్ రాయి తగిలినచో ఎగురు శక్తి మాత్రము పోవును; పోయిన శక్తి మరల రావలెనన్న నడిచివెళ్లి తన ప్రియురాలు లోయిస్ లేన్‌ను కలిసికొనవలెను. అజేయుడైన వీరునకు ఓటమి ఏ రూపమున వచ్చును, వానికి ఊరట ఎవరివలన కలుగును అను ప్రశ్నలకు ఆ శిల్పి అంత చిన్న తావులో సమాధానము వెదకెను. ముఖమైనను సరిగా గుర్తుపట్టరాని ఆ బొమ్మలో సూపర్‌మ్యాన్ ఉన్నాడు.

ఆ ప్రయత్నము పరిణతి పొందినది 2004లో ట్రేయార్క్ స్టూడియో నిర్మించిన ‘స్పైడర్‌మ్యాన్ 2’లో. అంతకుముందు వచ్చిన గేములలో స్పైడర్‌మ్యాన్ విసరిన సాలెదారము ఆకాశమున ఎచ్చటనో అతుకుకొనెడిది. ఆడువానికి అది ఎగురుటయే గాని ఊగుట గాదు. జేమీ ఫ్రిస్ట్రమ్ అను రూపకర్తయు, ఆతని సహచరులును దారము నిజమైన గోడకే అంటుకొనవలెనని పట్టుబట్టిరి. మీట నొక్కినంతనే దారము ప్రక్కనున్న భవనమును పట్టుకొనును. దేహము క్రిందికి జారి, వేగము పుంజుకొని, వీధిలోని కార్ల పైకప్పులను తాకునంత దిగువకు వచ్చి, మరల పైకి లేచును. ఆ లేచు క్షణమున సరిగా వదలినవాడు మేడల మీదికి విసరివేయబడును, తొందరపడి ముందే వదలినవాడు గోడకు కొట్టుకొనును. నేర్చుకొనుటకు కొంత కాలము పట్టెడిది. కాని నేర్చిన పిమ్మట మాన్‌హటన్ వీధులలో గమ్యము లేకుండ ఊగుటయే ఒక ఆనందముగా నుండెడిది. ఆ ఆనందము నడుమ ఏ వీధిమూలనో ఒక పసిపిల్ల ఏడ్చుచు కనబడును. చేతిలోని బెలూను జారిపోయినది. ఆకాశమునకెగసిన ఆ బెలూనును పట్టి తెచ్చి పిల్ల చేతికీయవలెను. మరియొకప్పుడు ఉదరపోషణకై వేళ మించకుండ పిజ్జాలు అందింపవలెను. లోకమును రక్షింపగలవాడు ఇంటి అద్దెకై శ్రమపడుటయు, బెలూనుకై ఏడ్చు పిల్లను చూచి ఆగుటయు స్పైడర్‌మ్యాన్‌గా మారు పీటర్ పార్కర్ అను యువకుని సంపూర్ణ చరిత్రము. ఆ చరిత్రమును ఉపన్యాసము లేకుండ చేతులకు నేర్పుట గేము అను కళ సాధించిన ఘనత.

మరుసటి సంవత్సరము ర్యాడికల్ ఎంటర్‌టైన్‌మెంట్ వారి హల్క్ గేము వచ్చెను. అందులో హల్క్ వీధిలోని కారును రెండుగా చీల్చి, ఆ ఇనుప తునకలను పిడికిళ్లకు తొడుగుకొని యుద్ధము చేయును; లోకమునంతయు ఆయుధముగా చూచు క్రోధము వానిది గనుక, తుపాకి వానికి అవసరము లేదు. 2006లో వచ్చిన ‘సూపర్‌మ్యాన్ రిటర్న్స్’ గేము అనేక విధముల విఫలమైనను, అందొక ఆలోచన నేటికిని నాకు ఆదరపాత్రము: గాయపడని వీరునకు మిగిలిన ప్రాణమును చూపు రేఖ యేల యని తలచి, ఆ రేఖను నగరమునకు పెట్టిరి, నగరము నశించినప్పుడే సూపర్‌మ్యాన్ ఓడును. ఓడిన ఆటలోనైనను వీరుని గూర్చిన చింతన ఉండుట ఆ కాలపు లక్షణము.

2009లో లండనులోని రాక్‌స్టెడీ స్టూడియో ‘బ్యాట్‌మ్యాన్: అర్కమ్ అసైలమ్’ను వెలువరించెను. అంతకుముందు ఒకే ఒక గేమును నిర్మించిన చిన్న సంస్థ యది. కామిక్కులలోను టెలివిజనులోను బ్యాట్‌మ్యాన్‌ను ఎరిగిన పాల్ డినీ కథ వ్రాసెను. 1992 నుండి ఆ పాత్రకు గళమైన కెవిన్ కాన్రాయ్ పలికెను. అందలి ఒక గదిని వర్ణించెదను. తుపాకులు ధరించిన దుండగులు క్రింద పహరా తిరుగుచుందురు. ఎదుట పడినచో కొన్ని గుండ్లకే బ్యాట్‌మ్యాన్ నేలకొరగును. చంపుట వాని నియమమునకు విరుద్ధము. కావున వాడు పైకప్పు దాపున రాతి విగ్రహముపై నక్కి కూర్చుండి, ఒంటరిగా చిక్కినవానిని చీకటిలోనికి లాగి తలక్రిందులుగా వ్రేలాడదీయును. ఆ కేక విని తక్కినవారు పరుగెత్తివత్తురు. అప్పుడు ప్రత్యేక దృష్టితో చూచినచో వారి గుండెవేగము పెరుగుటయు, నిబ్బరముగా నున్నవారు బెదరుటయు, బెదరినవారు భీతావహులగుటయు కనబడును. ఇక్కడ ఆయుధము భయము. భయమును ఆయుధము చేసికొనుటయే బ్యాట్‌మ్యాన్. వేరొకచోట స్కేర్‌క్రో అను దుష్టుడు ప్రయోగించిన విషవాయువువలన ఒక నడవ కొంచెము కొంచెముగా బ్యాట్‌మ్యాన్ తల్లిదండ్రులు హత్యకు గురియైన సందుగా మారును; ఆడువాడు చేయవలసినది నడచుట యొక్కటియే. ఆ నాలుగడుగుల నడకలో ఆ వీరుని దుఃఖమంతయు ఉన్నది.

ఇంతటి శిఖరమునుండి పతనమెట్లు కలిగెను? 2014లో బంగీ స్టూడియో వారి ‘డెస్టినీ’ యను తుపాకి ఆట బహుళాదరణ పొందెను. శత్రువులను కూల్చి, రాలిన ఆయుధములనేరి, వానిపై వ్రాసిన అంకెలను పెంచుకొనుచు, నిత్యము ఇంటర్నెట్టుతో ముడిపడి, ఏండ్ల తరబడి ఆడించు పద్ధతి యది. దానికి తగిన లోకములో అది దోషము గాదు. కాని ఒకమారు అమ్ముడుపోయి ముగిసిపోవు కథకంటె, ప్రతి ఋతువునను క్రొత్త వేషములమ్ము ఆట లాభదాయకమని ప్రచురణసంస్థలు గ్రహించినవి. ఒక్కొక్క గేమునకు అయిదారేండ్లును, కోట్ల డాలర్లును వ్యయమగుచుండగా, అంత ధనము పెట్టినవారు అంతము లేని ఆదాయము కోరుట సహజమే. ఆ కోరికకు వీరుని స్వభావమును బలియిచ్చుటయే అన్యాయము.

2020లో క్రిస్టల్ డైనమిక్స్ నిర్మించి స్క్వేర్ ఎనిక్స్ ప్రచురించిన ‘మార్వెల్స్ అవెంజర్స్’ ఇందుకు తొలి నిదర్శనము. ఆ గేము ప్రారంభము మనోహరము: కమలా ఖాన్ అను బాలిక, తాను ఆరాధించు వీరులను మొదటిసారి కన్నులార చూచి, వారి నడుమ విస్మయముతో తిరుగును. ఆ విస్మయము కొన్ని గంటలు నిలుచును. అటుపిమ్మట ఒకే తీరు ప్రయోగశాలలలో, ఒకే తీరు యంత్రభటులను, మరల మరల కూల్చుట మిగులును. థోరును హల్కును ఒకే విధముగా సామగ్రిని ఏరుకొని, అంకెలు కూడబెట్టుకొందురు. ఒట్టి చేతులతో కొండలను పిండిచేయువానికి అంకెలతో పెరుగు ఉపకరణములేల? 2021లో అనుభవపు అంకెలను త్వరగా పెంచు సదుపాయములను వెలకమ్మి, ఆడువారి ఆగ్రహము చూచి ఉపసంహరించుకొనిరి. 2023 సెప్టెంబరు 30న దాని పోషణ నిలిచిపోయెను. గేమును అమ్మకమునుండియే తొలగించిరి.

నన్ను అంతకంటె బాధించినది 2024 ఫిబ్రవరిలో వచ్చిన ‘సూయిసైడ్ స్క్వాడ్: కిల్ ద జస్టిస్ లీగ్’. దానిని నిర్మించినది ఆ రాక్‌స్టెడీయే. 2015లో ‘అర్కమ్ నైట్’ ముగించిన పిదప దాదాపు తొమ్మిదేండ్లకు వచ్చిన గేము. బూమరాంగ్ విసరుట వృత్తిగా గలవాడును, సొరచేప దేహము గలవాడును, హార్లీ క్విన్నును, గురి తప్పని డెడ్‌షాటును, ఈ నలుగురు దుండగులును తుపాకులు పట్టి మెట్రోపోలిస్ మిద్దెలపై ఒకే రకపు శత్రువులను కాల్చుచుందురు. వారిలో తుపాకి ఒప్పునది డెడ్‌షాటునకే. అందు బ్యాట్‌మ్యాన్ శత్రువు వశమై దుష్టుడగును. బంధింపబడి ఒక బల్లపై కూర్చున్నవానిని హార్లీ క్విన్ కాల్చి చంపును. బ్యాట్‌మ్యాన్‌కు గళమైన కెవిన్ కాన్రాయ్ 2022 నవంబరులోనే కన్నుమూసెను. ఆ గళమును ప్రేమించినవారికి ఆ దృశ్యము శూలమువలె తగిలినది. వీరుని మరణము నిషిద్ధమని నేననను. కర్ణుని మరణము లేక భారతము లేదు. మరణమునకు తగిన గాంభీర్యము లేకపోవుటయే దోషము. 2025 జనవరిలో వచ్చిన చివరి అధ్యాయమున, చనిపోయినవాడు నిజమైన బ్యాట్‌మ్యాన్ కాడని క్లుప్తముగా చెప్పి కథ ముగించిరి. ఈ గేము మూలమున ప్రచురణకర్తయైన వార్నర్ సంస్థ 20 కోట్ల డాలర్ల నష్టమును లెక్కలలో చూపవలసివచ్చెను. భరతముని నాటకమునకు ముగింపుగా నిర్వహణసంధిని విధించెను గదా! అంతమును ముందుగా ఎరుగని కథకు ఆద్యంతములలో ఎచ్చటను బిగువుండదు.

అన్నియు ఇట్లే యున్నవనుట అసత్యమగును. ఇన్‌సామ్నియాక్ వారు 2018లో రచించిన స్పైడర్‌మ్యాన్ గేము, ఆ పాత ఊయెలకు వారసత్వము వహించి, పీటరును పెంచిన ఆంట్ మే మరణముతో అనేకుల కన్నులు తడిపినది. 2021లో ఐడోస్ మాంట్రియాల్ వారి ‘గార్డియన్స్ ఆఫ్ ద గెలాక్సీ’లో ఆడువాడు ఒక్క నాయకుని మాత్రమే నడపును, కలహించు సహచరులను మాటలతో కూర్చుకొనుటయే వాని బలము. 2022లో ఫిరాక్సిస్ వారి ‘మిడ్‌నైట్ సన్స్’ యుద్ధముల నడుమ వీరుల స్నేహమును పోషించినది. కాని ఈ చివరి రెండును విమర్శకుల మెప్పు పొందియు, ప్రచురణకర్తలు ఆశించినంతగా అమ్ముడుపోలేదు. అట్టి సంఘటనలే వణిజులను భయపెట్టి, పాత దారికి త్రిప్పుచున్నవి. మరియొక సంగతి కూడ గమనింపవలెను. 2024 డిసెంబరులో నెట్‌ఈజ్ ఉచితముగా విడిచిన ‘మార్వెల్ రైవల్స్’ అంతము లేని ఆటయే, వేషములమ్ము ఆటయే. అయినను మూడు దినములలో కోటిమంది దానిని ఆడిరి. అందు గ్రూట్ చెట్టు గనుక మ్రాకుగోడలు మొలిపించును. స్పైడర్‌మ్యాన్ దారము పట్టి ఊగును. జెఫ్ అను చిన్ని సొరచేప ఎదిరిజట్టునంతను మ్రింగి గట్టు దాటించును. ఒక్కొక్కరి పోరు తీరు ఒక్కొక్క విధము. వ్యాపారపద్ధతి యేదైనను ఔచిత్యమునకు చోటున్నచో వీరుడు బ్రదుకునని ఇందువలన స్పష్టమగుచున్నది.

కావున నా విన్నపము ధనము తగ్గింపుడని గాదు, కాలమును వెనుకకు త్రిప్పుడని గాదు. ఒక వీరుని పేరును అద్దెకు తెచ్చుకొనుటకు పూర్వమే, ఈతడు ఇతరులెవ్వరును చేయని పనియేది చేయును, ఏ పని ప్రాణము పోయినను చేయడు అను రెండు ప్రశ్నలకు నిర్మాతలు సమాధానము వ్రాసికొనవలెను. ఆ సమాధానము మీటలలోనికి దిగవలెను. కథ ముగియవలసినచోట ముగియనీయవలెను. ఆడువారమైన మనముకూడ, ముగిసిపోవు మంచి ఆటను దాని వేళకు కొని ఆదరింపవలెను; ఆదరణ లేని శిల్పము ఎంతోకాలము నిలువదు. ఈ వీరులను సృష్టించినవారు ఆనాడు పెద్ద సంపన్నులు గారు; చౌకకాగితముపై, కొద్ది రంగులతో, ఒక్కొక్క వీరునకు ఒక్కొక్క ధర్మము కల్పించి వెళ్లిరి. ఆ ధర్మమును కాపాడుటకు ధనము చాలలేదని నేడు ఎవ్వరును అనజాలరు. కావలసినది శ్రద్ధ, శ్రద్ధ గల శిల్పులు నేటికిని ఉన్నారు, వారికి అవకాశమిచ్చుట సంస్థల కర్తవ్యము, అడిగి ఇప్పించుట మన కర్తవ్యము.