పంటి కింద లవంగం

పంటినొప్పికి పగలు తీరిక ఉండదు కాబోలు. రాత్రి పదకొండు దాటి, ఇల్లంతా నిద్రపోయాకే నిద్ర లేస్తుంది. తల దిండుకు ఆనిందో లేదో దవడలో ఎవరో కూర్చుని సుత్తితో కొడుతున్నట్టు ఉంటుంది.

ఆ ఇంటి యజమానికీ అలాగే మొదలైంది. కుడివైపు కింది దవడ పన్ను. భార్య లేచి వంటింట్లోంచి లవంగం తెచ్చిచ్చింది. ‘పంటి కింద పెట్టుకోండి. పొద్దున్నే డాక్టరు దగ్గరికి వెళ్దురుగాని’ అంది. పొద్దున్న మందుల షాపులో నొప్పి బిళ్ల దొరికింది. దాంతో డాక్టరు సంగతి వెనక్కిపోయింది. లవంగానికీ బిళ్లకీ మధ్య వారం గడిచాక ఒక రాత్రి నొప్పి దానంతటదే మాయమైంది. ‘చూశావా, అనవసరంగా డబ్బు దండగయ్యేది’ అన్నాడాయన, హాయిగా చన్నీళ్లు తాగుతూ.

లవంగాన్ని తక్కువ చేయనక్కర్లేదు. అందులోని యూజినాల్ నొప్పి తెలియకుండా మొద్దుబారుస్తుంది. దంతవైద్యులు తాత్కాలికంగా నింపే సిమెంటులోనూ దాన్ని వాడతారు. అయితే పుచ్చును ఆపడం దానివల్ల కాదు. పంటి పైపొర ఎనామిల్ మన ఒంట్లో అన్నిటికంటే గట్టిది, దానికి నరాలుండవు. పుచ్చు అక్కడున్నంతకాలం ఏమీ తెలియదు. కింది పొరకు దిగితే చల్లటిదో తియ్యటిదో తగిలినప్పుడు జివ్వుమంటుంది. మధ్యలో ఉన్న గుజ్జును చేరిందా, ఇక నిద్ర ఉండదు. నరమూ రక్తనాళాలూ ఉండే ఆ గుజ్జు చుట్టూ గట్టి గోడలే. వాచినా పొంగడానికి చోటు లేదు. చివరికి నరం చచ్చిపోతుంది. తగ్గిపోయిందని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకునేది సరిగ్గా అప్పుడే!

నాలుగు నెలల తర్వాత ఆయన చెంప బూరెలా పొంగింది. వేరు చివర చీము పట్టింది. తల్లి ఉప్పు మూట కాచి కాపడం పెట్టబోయింది. అలా బయటి నుంచి వేడి పెడితే వాపు ఇంకా పెరగొచ్చని కోడలు ఆపింది. మంచిపని చేసింది. ఇలాంటి వాపు మెడలోకి దిగినా, మింగుడు పడకపోయినా, ఊపిరి తీసుకోవడం కష్టమైనా తెల్లారేదాకా ఆగకుండా పెద్దాసుపత్రికి పరుగెత్తాల్సిందే.

‘పన్ను పీకితే చూపు పోతుందంటారు, నిజమేనా బాబూ?’ అని ముసలావిడ డాక్టరును అడిగింది. కంటికీ పంటికీ అలాంటి లంకె లేదని ఆయన నవ్వేశాడు. కాకపోతే ఎక్స్‌రే చూశాక ఆ నవ్వు లేదు. పన్ను చిగురు కిందిదాకా విరిగి ఉంది. పీకక తప్పలేదు. లవంగం పెట్టుకున్న రోజే వచ్చి ఉంటే రూట్ కెనాల్ చేసి క్యాప్ వేస్తే సరిపోయేదట. అంతకు ఏడాది ముందు, చన్నీళ్లకు జివ్వుమన్నప్పుడు వచ్చి ఉంటే ఒక్క పూటలో ఫిల్లింగ్‌తో అయిపోయేదట.

తోడు వెళ్లిన రెండో తరగతి పిల్లవాణ్నీ కుర్చీలో కూర్చోబెట్టారు. వెనక పన్ను మీద నల్లచుక్క. ‘పాలపన్నేగా, ఊడి కొత్తది వస్తుందిలే’ అని నాయనమ్మ ఇన్నాళ్లూ సర్దిచెప్పింది. తీరా చూస్తే అది పాలపన్ను కాదు! ఆరేళ్లప్పుడు, ఏ పన్నూ ఊడకుండానే, పాలపళ్ల వెనక వచ్చే మొదటి శాశ్వత దవడ పన్ను. ఊడినదేమీ లేదు కాబట్టి కొత్తది వచ్చినట్టు ఇంట్లో ఎవరికీ తెలియదు. బతికినన్నాళ్లూ నమలాల్సిన పన్ను పాలపళ్ల లెక్కలో కలిసిపోయి పుచ్చిపోతుంది. ఆ మాటకొస్తే పాల దవడ పళ్లు కూడా పది, పన్నెండేళ్ల దాకా ఉండాల్సినవే. చిన్న ఫిల్లింగ్ చేసి, మిగతా మూడు కొత్త పళ్ల గాడుల్ని సీలెంట్‌తో మూసి పంపారు.

మిఠాయి మానెయ్యమని డాక్టరు అనలేదు. భోజనంతో పాటు లడ్డూ తినేస్తే అంత బెడద లేదు. ఆటోలో చాక్లెట్, విరామంలో బిస్కెట్, సాయంత్రం ఇంకొకటి... తీపి తగిలిన ప్రతిసారీ సూక్ష్మజీవులు ఆమ్లం తయారుచేస్తాయి, దాన్ని కడగడానికి లాలాజలానికి అరగంట దాకా పడుతుంది. నిద్రలో ఆ లాలాజలమూ తగ్గిపోతుంది. పొద్దున బ్రష్ కంటే రాత్రి బ్రష్ ముఖ్యమన్నది అందుకే. ఆ వయసుకు బఠాణీ గింజంత ఫ్లోరైడ్ పేస్టు చాలు. మరి పందుంపుల్ల? మంచిదే గానీ వెనక పళ్ల లోపలివైపు దానికి అందదు. బొగ్గుపొడి, ఇటుకపొడి మాత్రం ఎనామిల్‌ను అరగదీస్తాయి. అరిగింది మళ్లీ పెరగదు.

ఇంటావిడ చిగుళ్లలోంచి ఏడాదిగా నెత్తురు వస్తోంది. అక్కడ బ్రష్ తగలనివ్వడం మానేసింది, గార ఇంకా పేరుకుంది. గార తీయిస్తే పళ్లు కదులుతాయని భయపడింది గానీ, కదిలేది లోపల ఎముక కరిగినందువల్లేనని విన్నాక ఆ రోజే తీయించుకుంది.

ఇప్పుడు రాత్రిపూట సింకు దగ్గర నాలుగు బ్రష్‌లూ తడిసే ఉంటున్నాయి. ఆయన మాత్రం ఎడమవైపే నములుతున్నాడు. ఆ ఖాళీలోకి పక్కపళ్లు ఒరగకముందే కృత్రిమ పన్ను పెట్టించుకోమన్నాడు డాక్టరు. భార్య గుర్తుచేసినప్పుడల్లా ‘సంక్రాంతి వెళ్లనీ, ఇప్పుడు నొప్పేం లేదుగా’ అంటున్నాడు.