ఉతికితే నిలుస్తుందా?

మా ప్రాజెక్టు పేరు వింటే అందరూ "అబ్బో!" అంటారు. నూలు గుడ్డ మీద వెండి నానోకణాలు, అదీ గ్రీన్ కెమిస్ట్రీతో! చేసే పని మాత్రం వంటింటి పనిలాగే ఉంటుంది. కరక్కాయ పొడిని వేడినీళ్లలో నానబెట్టి వడకడతాం. ఆ కషాయంలో గుడ్డ ముంచి ఆరబెడతాం. తర్వాత సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో వేస్తాం. లేత పసుపు గుడ్డ మెల్లగా గోధుమ రంగుకి తిరుగుతుంది.

జరిగేదేంటంటే, కరక్కాయలోని టానిన్లు వెండి అయాన్లకి ఎలక్ట్రాన్లు ఇస్తాయి. అయాన్లు లోహంగా మారి, 100 నానోమీటర్ల కన్నా చిన్న కణాలుగా గుడ్డని పట్టుకుంటాయి. సోడియం బోరోహైడ్రైడ్ లాంటి ఘాటు రసాయనాలతో పని లేదు. పైగా ఆ గుడ్డ మీద బ్యాక్టీరియా అంత తేలిగ్గా పెరగదు.

సెలవులకి పెడన వెళ్లినప్పుడు, ఒకప్పుడు కలంకారీ అద్దకం పని చేసిన మా తాతయ్యకి ఒక ముక్క చూపించాను. వేళ్ల మధ్య నలిపి చూసి, "ఉతికితే నిలుస్తుందిరా?" అన్నాడు.

"కరక్కాయతో చేశాం తాతయ్యా."

"మరి మేం దేంతో చేశామనుకున్నావ్?"

నిజమే. కలంకారీకి గుడ్డని ముందు కరక్కాయలో, గేదెపాలలో నానబెడతారు. బెల్లం నీళ్లలో పాత ఇనుప ముక్కలు పులియబెట్టి తీసిన ద్రావణాన్ని దాని మీద అద్దితే నలుపు వస్తుంది. నూలు టానిన్‌ని పట్టుకుంటే, టానిన్ ఇనుముని పట్టుకుంటుంది. మేం రిపోర్టులో నాలుగు పేజీలు రాసిన విషయం ఆయన చేతులకి ఎప్పుడో తెలుసు.

కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. 2008లో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు బజారులో దొరికే నానోవెండి సాక్సుల్ని నీళ్లలో జాడించి చూశారు. కొన్ని జతలు కొద్దిసార్లకే దాదాపు వెండంతా వదిలేశాయి. కొన్ని పెద్దగా వదల్లేదు. అలా వదిలిన వెండి కాలవల్లోకి చేరితే? బ్యాక్టీరియాని చంపే గుణమే నీళ్లలోని నాచునీ, చిన్న జీవుల్నీ కూడా చంపగలదు. అప్పుడు తయారీలో కాయ వాడితే ఏంటి, కెమికల్ వాడితే ఏంటి?

అందుకే ఇప్పుడు మా టీమ్ గుడ్డ ఉతికిన ప్రతిసారీ ఆ నీళ్లని పారబోయకుండా సీసాల్లో దాస్తోంది. వాటిలో ఎంత వెండి ఉందో కొలవాలి. "పేపర్ లేటవుతుందిరా" అని ఫ్రెండ్స్ గోల. అవనీ. మా టైటిల్లో 'గ్రీన్' అనే మాట ఉండాలో వద్దో ఆ సీసాలే చెప్పాలి.