తిప్పయ్య సెట్టి వారసుల కోసం

శ్రీనాథుడు హరవిలాసాన్ని అంకితమిచ్చింది రాజుకు కాదు, ఒక వర్తకుడికి. అవచి తిప్పయ్య సెట్టి పేరు ఆ కావ్యం అవతారికలో ఉంది. ఆయన వ్యాపారం చేసిన సరుకుల ముచ్చటా అక్కడే ఉంది. సుమారు ఆరు వందల ఏళ్ళ తర్వాత కూడా తెలుగు చదువుకున్నవాడికి ఆ వర్తకుడి పేరు తెలుసు. ఏ ప్రకటనకు ఇంతటి ఆయుర్దాయం ఉంది చెప్పండి?

సరిగ్గా ఈ మాటనే నేనొక రంగుల కంపెనీ మేనేజరుగారికి చెప్పాను. ఆయన మర్యాదగా విని, "చాలా బాగుందండీ. కానీ మాకు ఫలితం మార్చిలోపు కనబడాలి" అన్నాడు.

సంగతి మొదటినుంచీ చెబుతాను. మా ఊళ్ళో ఏటా డిసెంబరులో, కుప్పనూర్పిళ్ళు ఒక కొలిక్కి వచ్చాక, ఒక రాత్రి పద్యనాటకం ఆడిస్తాం. తిరుపతి వేంకట కవుల పద్యాలతో ఆడే శ్రీకృష్ణ రాయబారం అంటే చుట్టుపక్కల పల్లెలకు ఇప్పటికీ పండుగే. కరోనా వల్ల రెండేళ్ళు ఆగిపోయి, 2022లో మళ్ళీ మొదలుపెట్టాలనుకున్నాం. చందా పుస్తకం తెరిస్తే గుండె కలుక్కుమంది. ఎప్పుడూ మొదటి పేజీలో సంతకం చేసే ముగ్గురు పెద్దలలో ఇద్దరు ఇక లేరు. వాళ్ళ పిల్లలు దూరదేశాలలో ఉన్నారు. నటులు, హార్మోనిస్టు, షామియానా, కుర్చీలు, మైకు సెట్టు, లైట్లు, తెర, భోజనాలు అన్నీ కలిపి ఖర్చు రూ. 2,30,000గా తేలింది. చందాలు ఎంత తిరిగినా రూ. 1,05,000 దాటలేదు. అప్పుడు పుట్టింది కంపెనీలను అడగాలన్న ఆలోచన.

చందా అడగడం నాకు తెలుసు. అరుగు మీద కూర్చుని, మంచినీళ్ళు తాగి, వాళ్ళ నాన్నగారు ఏ ఏడు ఏ పద్యానికి వన్స్‌మోర్ కొట్టారో గుర్తుచేస్తే చాలు. కంపెనీ గుమ్మంలో ఆ విద్య పనికిరాదు. చందా ఇచ్చేవాడు నాటకం చూడడానికి వస్తాడు. స్పాన్సరు తాను కనబడడానికి వస్తాడు. ఇది తప్పని అనను; ఇద్దరినీ ఒకే మాటతో అడగబోవడమే నా తప్పు. మన కళ, మన సంస్కృతి, అంతరించిపోతున్న పద్యం అంటూ రెండు పేజీల నిండా రాసుకుపోయాను. అది చదివిన వాళ్ళంతా నన్ను సానుభూతితో సాగనంపారు.

ఒకాయన మాత్రం "సీఎస్ఆర్ కింద అడిగి చూడండి" అని దారి చూపించాడు. 2013 నాటి కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు గడచిన మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు చేయాలి. చట్టంలోని ఏడవ షెడ్యూలులో సంప్రదాయ కళల ప్రోత్సాహం కూడా ఉంది. ఎగిరి గంతేశాను. తీరా నిబంధనలు చదివితే, సరుకు ప్రచారం కోసం స్పాన్సర్‌షిప్ రూపంలో ఇచ్చేది ఆ లెక్కలోకి రాదని 2021 సవరణ స్పష్టంగా చెబుతోంది. అంటే కంపెనీ పేరుతో బ్యానరు కట్టి, దానికిచ్చిన సొమ్మును సమాజసేవగా రాసుకోవడం కుదరదు. పైగా డబ్బు పుచ్చుకునే సంస్థ సీఎస్ఆర్ కోసం ప్రభుత్వం దగ్గర నమోదై ఉండాలి. మాది అయిదుగురం కలిసి టీ తాగుతూ ఏర్పరచుకున్న కమిటీ! ఆ తలుపు అలా మూసుకుంది.

మళ్ళీ రంగుల కంపెనీ గుమ్మమే ఎక్కాను. ఆ మేనేజరు కుర్రవాడైనా పని తెలిసినవాడు. మూడే ప్రశ్నలు అడిగాడు: ఎంతమంది వస్తారు, వాళ్ళ వయసెంత, వాళ్ళు ఏం కొంటారు? రెండవదానికీ మూడవదానికీ నీళ్ళు నమిలాను. మొదటిదానికి మాత్రం తడుముకోకుండా "రెండు వేలమంది" అన్నాను. అదే కాగితం మీద రాసిచ్చాను. వారం తిరక్కుండా ఫోను వచ్చింది. కరపత్రం నెత్తిన కంపెనీ పేరుతో 'సమర్పణ' అని వేస్తే లక్ష రూపాయలు ఇప్పిస్తానన్నాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. 2019లో మేము వేయించిన కుర్చీలు 420. వెనక నిలబడ్డవాళ్ళను ఎంత ధారాళంగా లెక్కవేసినా అయిదారు వందలు. రెండు వేలు ఎక్కడివి? మర్నాడు మా కార్యదర్శితో అంటే, ఆయన నాకు బాబాయి వరస, నవ్వేశాడు. "అందరూ రాసేదేరా! శుభలేఖలో సకుటుంబ సపరివారంగా రమ్మని రాస్తాం. అందరూ వస్తారా ఏమిటి?"

మాట చమత్కారంగానే ఉంది గాని నాకు మింగుడు పడలేదు. శుభలేఖ చూసి ఎవరూ డబ్బు కట్టరు కదా. ఉన్నదున్నట్టు ఉత్తరం రాసి పంపాను. సాయంత్రం మేనేజరు ఫోను చేశాడు. కోపగించుకోలేదు. "సార్, ఇది మొదటే చెప్పుంటే ఇరవై వేలన్నా ఇప్పించేవాణ్ణి. మీ అంకె మీద నేను సంతకం పెట్టి పైకి పంపాను. ఇప్పుడు అబద్ధం చెప్పింది నేనైపోయాను." అంతే అన్నాడు. నా అతిశయోక్తికి ఎక్కడో ఒకరు పూచీ పడతారని నాకు అప్పటిదాకా తట్టనే లేదు. లక్షా పోయింది. బాబాయి పది రోజులు నాతో మాట్లాడలేదు.

అప్పుడు గుర్తొచ్చింది చదివింపుల పుస్తకం. పద్యం నచ్చినవాళ్ళు వేదిక దగ్గరికి వచ్చి నటుడికి ఇచ్చే కానుకను మైకులో చదువుతాం కదా, ఎవరు, ఏ ఊరు, ఎంత అన్నది వరసగా రాసిపెట్టిన పుస్తకం అది. కూర్చుని లెక్క తీశాను. 23 ఊళ్ళు, 160 పేర్లు. అధికభాగం రైతులు, యాభై దాటినవాళ్ళు. రాత్రి తొమ్మిదికి వచ్చి మూడింటిదాకా కదలనివాళ్ళు. మేనేజరు అడిగిన మూడు ప్రశ్నలకూ జవాబు మా బీరువాలోనే ఉందన్నమాట! మేము అమ్మజూపవలసింది గుంపును కాదు, ఆ ఆరు గంటల నిలకడను. కొత్త ప్రతిపాదన ఒక్క పేజీలో తయారైంది. మొదట కుర్చీల లెక్క, తర్వాత ఊళ్ళ పేర్లు, ఆ తర్వాత ఇవ్వగలిగినవి, చివర ఇవ్వలేనివి.

పంపుసెట్ల డీలరు ఆ పేజీ చదివి పగలబడి నవ్వాడు. "ఈ ఊళ్ళల్లో సగం మంది నాకు బాకీ మాస్టారూ!" రూ. 60,000 ఇస్తానన్నాడు. కాకపోతే కృష్ణుడి ప్రవేశానికి ముందు నాటకం ఆపి కంపెనీ గురించి నాలుగు మాటలు చెప్పాలట. కుదరదన్నాను. "చదివింపులు మధ్యలో చదవరా? నా పేరు చదివితే వచ్చిందా తప్పు?" అని నిలదీశాడు. న్యాయమైన ప్రశ్నే. కాసేపు ఆలోచించి, "పద్యం విన్నాక ఇచ్చేది చదివింపండీ. వినకముందు ఇచ్చేది ప్రకటన రుసుము. రెండవదానికి తెర లేవకముందే చోటు" అన్నాను. ఒప్పుకున్నాడో, జాలిపడ్డాడో గాని సరేనన్నాడు. ముఖద్వారం మీద, కరపత్రం మీద, కుర్చీల వీపుల మీద పేరు. తెర లేవకముందు అయిదు నిమిషాల ప్రసంగం. ఒక కంటి ఆసుపత్రివారు రూ. 15,000 ఇచ్చి, గేటు దగ్గర పరీక్షల బల్ల వేసుకున్నారు. రూ. 30,000 అవుతుందన్న ఎల్ఈడీ తెర మానేశాం. మిగిలిన ఇరవై వేలూ అయిదుగురం తలా నాలుగు వేలు వేసుకున్నాం.

డీలరుగారి అయిదు నిమిషాలు పన్నెండయ్యాయి. వెనక వరసల్లో ఈలలు మొదలయ్యాయి. నాకు చెమటలు పట్టాయి గాని, కృష్ణుడు వచ్చాక అందరూ అన్నీ మరిచిపోయారు. అర్ధరాత్రి దాటాక, ఒక పద్యానికి, ముందు వరసలోంచి డీలరుగారే లేచి వచ్చి రూ. 1,116 చదివించారు. మైకులో తన పేరు, తన తండ్రి పేరు, ఊరి పేరు చెప్పించుకున్నారు. కంపెనీ పేరు చెప్పించలేదు.

పది రోజుల్లో లెక్కలు, ఫొటోలు కలిపి స్పాన్సర్లకు పంపాం. వేసిన కుర్చీలు 500, రాత్రి పదికి నిండినవి 460, రెండింటికి 310. ఒక ప్రతి రంగుల కంపెనీ మేనేజరుకు స్వయంగా ఇద్దామని వెళ్ళాను. ఆయన అక్కడ లేరన్నారు. బదిలీయో, మానేశారో ఎవరూ చెప్పలేదు. ఆ కాగితం ఇప్పటికీ నా సంచిలోనే ఉంది.

మా ప్రతిపాదనలో తిప్పయ్య సెట్టి ప్రస్తావన ఇప్పుడు లేదు. మొదటి వాక్యం మాత్రం ఏటా ఒకటే: కిందటిసారి ఇన్ని కుర్చీలు వేశాం, ఇన్ని నిండాయి.