నలభై రెండవ రోజు

అమ్మ ఆబ్దికం ఏటా మార్గశిరంలో వస్తుంది. ఆ దినాలలో నెల్లూరులోని మా వీధి తెల్లవారుజామున శరణుఘోషతో మేల్కొంటుంది. భోక్తలు భోజనం ముగించి వెళ్లిన పిదప నేను వరండాలో కూర్చుని, నల్లని వస్త్రాలు ధరించి వచ్చిపోయే స్వాములను చూస్తూ ఉంటాను. ఈ ఋతువులోనే అమ్మకు ఊపిరి సలపనంత పని ఉండేది.

అమ్మ వ్యసన విముక్తి కౌన్సెలర్. అంతకు పూర్వం తెలుగు ఉపాధ్యాయిని. 1992లో మా జిల్లాలోని దూబగుంట స్త్రీలు సారా అంగడిని మూయించిన వార్త ఆమెను కదిలించింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో అది సడలిపోయింది. నిషేధం అమలులో ఉన్న కాలంలో కూడా తన విద్యార్థుల తండ్రులు సాయంకాలమయ్యేసరికి దొంగసరుకు వెతుక్కుంటూ పోవడం ఆమె కళ్లారా చూసింది. గీత ద్వితీయాధ్యాయంలో భగవానుడు ఒక సూక్ష్మం చెప్పాడు కదా: ఆహరించనివానికి విషయాలు దూరమౌతాయి గాని వాటియందలి రసం మిగిలే ఉంటుందని, పరతత్త్వ దర్శనం చేతనే అదీ నివర్తిస్తుందని. "ప్రభుత్వం విషయాన్ని తీసేయగలదు రా, రసాన్ని ఎవరు తీస్తారు?" అనేది అమ్మ. ఆ ప్రశ్నే ఆమెను బడి నుండి ఈ వృత్తికి తీసుకువచ్చింది. మద్యానికి భర్తను కోల్పోయిన శాంతి రంగనాథన్ గారు 1980లో చెన్నైలో ప్రారంభించిన సంస్థను గూర్చి ఆమె ఎంతో గౌరవంతో మాట్లాడేది.

అయ్యప్ప దీక్షను అమ్మ పరమ పవిత్రంగా భావించేది, దానికి భయపడేది కూడా. ఏళ్ల తరబడి ప్రతిదినం మద్యం సేవించినవాడు మాల వేసుకుని ఒక్కసారిగా మానివేస్తే రెండు మూడు రోజులలో వణుకు, చెమటలు, నిద్రలేమి, భ్రాంతి కలుగుతాయి. మూర్ఛలు వచ్చి ప్రాణం పోయే సందర్భాలూ ఉంటాయి. ఒకసారి పీఠం దగ్గర మూడవ రోజున ఒక స్వామి లేని పాములను చూపిస్తూ కేకలు వేస్తుంటే, చుట్టూ చేరినవారు స్వామి ఆవహించాడని నమస్కరిస్తున్నారు. అమ్మ అతనిని ఆటోలో ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకుపోయింది. గురుస్వామి కోపించారు. అతను కోలుకుని వచ్చి మళ్లీ పీఠం ముందు కూర్చున్నాక ఆయనే, తాగుడు అలవాటున్న కన్నెస్వాములను "ముందు టీచరమ్మను కలిసి, డాక్టరు మాట విని రండి" అని పంపసాగారు.

ఇక నలభై ఒక్క రోజులు నిష్ఠగా ఉన్నవాడు మాల విరమించిన మర్నాడే అంగడికి పోవడం మీరూ చూసే ఉంటారు. అది కపటమని లోకం నవ్వుతుంది. అమ్మ నవ్వలేదు. "నలభై ఒక్క రోజులు భార్యతో సహా అందరూ వాణ్ణి స్వామీ అన్నారు. తెల్లవారుజామున స్నానానికి తోడున్నారు, భిక్షకు పిలిచారు. నలభై రెండో రోజు ఏమని పిలిచారు?" అని అడిగేది. దీక్షాపరుల పేర్లు, విరమణ తేదీలు ఒక పుస్తకంలో వ్రాసుకుని, ఆ మర్నాడు సాయంకాలం ఆరు గంటలకు ఒక్కొక్కరిని మా ఇంటికి కాఫీకి పిలిచేది. మాల లేకపోయినా "రా స్వామీ" అనే పలకరించేది.

ఆ పుస్తకంలో నా పేరూ ఉంది.

నేను ఉద్యోగంలో చేరిన రెండేళ్లకే తాగుడుకు లోబడ్డాను. మాల వేసుకున్నాను, నలభై ఒక్క రోజులు చుక్క ముట్టలేదు. నలభై రెండవ రోజు సాయంకాలం అమ్మ నాకూ కాఫీ కలిపి ఉంచింది. నేను రాత్రి పదకొండు గంటలకు ఇల్లు చేరాను. ఆమె తలుపు తీసి అన్నం పెట్టింది, ఏమీ అనలేదు. మర్నాడు నేనే నిష్ఠూరంగా అడిగాను, ఊరందరికీ చెబుతావు, నాకు చెప్పవేమని. "నీ విషయంలో నాకు చేతులు వణుకుతాయి నాన్నా. వణికే చేతులతో వైద్యం చేయకూడదు" అని మరొక కౌన్సెలర్ గారి చిరునామా వ్రాసి ఇచ్చింది. నా అప్పులు తీర్చలేదు. ఆఫీసు నుండి ఫోను వస్తే జ్వరమని అబద్ధం చెప్పలేదు. ఆమెది రాతిగుండె అని బంధువులన్నారు, నేనూ అన్నాను. అంతకంటె కఠినమైన మాటలే అన్నాను, అవి ఇక్కడ వ్రాయలేను.

ఆ ఏడాది ఆమె కొన్ని నెలలు పనికి వెళ్లలేదు. అలసట అని చెప్పింది. అసలు కారణం చాలాకాలం తరువాత చెప్పింది: "వేరొకరి కొడుకు బాగుపడితే నాకు సంతోషం కలగలేదు రా. నా కొడుకు ఎందుకు కాలేదనిపించింది. ఆ మనస్సుతో ఆ కుర్చీలో కూర్చోవడం పాపం." నిష్కామకర్మను గూర్చి ఎన్నో ప్రవచనాలు విన్నాను. ఫలాపేక్ష తన మనస్సులో తలయెత్తిన క్షణాన్ని గుర్తించి లేచి పక్కకు తప్పుకున్నవారిని మాత్రం ఆమెనొక్కతెనే చూశాను.

నేను మూడు సార్లు జారాను. రెండవసారి జారినప్పుడు ఆమె గీత ఆరవ అధ్యాయం తెరిచి, యోగం నుండి చలించినవాడు చెదరిన మబ్బువలె నశించిపోతాడా అని అర్జునుడు అడిగిన చోట వేలు పెట్టి, జవాబు నన్నే చదవమంది. మంచి ప్రయత్నం చేసినవానికి దుర్గతి లేదని అక్కడ ఉంది. అప్పుడు నాకు నమ్మకం కలగలేదు. పుస్తకం మూసి పడుకున్నాను.

మద్యం ముట్టక పదకొండు సంవత్సరాలైంది. అమ్మ పోయి నాలుగు సంవత్సరాలు. చివరి రెండేళ్లూ సాయంకాలపు కాఫీ నేనే కలిపేవాణ్ణి, ఆమె చక్కెర ఎక్కువైందనేది.

ఆమె పుస్తకంలో మిగిలిన పుటలలో ఇప్పుడు నేను వ్రాస్తున్నాను. ఈ ఏడు మా వీధి నుండి ముగ్గురు మాల వేసుకున్నారు. సంక్రాంతి తరువాత కాఫీకి వస్తామని ఇద్దరు చెప్పారు. మూడవ స్వామి తల వంచుకుని, "చూద్దాం స్వామీ" అన్నాడు. అతని కోసం కూడా పాలు పోయించుకుంటాను.