ఒంగోలు ప్రయాణము

గత చైత్రమాసమున మావారికి పరీక్షాపత్రములు దిద్దు పని ఒంగోలులో పడినది. నాలుగు దినముల పని. పిల్లలను మా అత్తగారి కడ నుంచి నేనును వెంట బయలుదేరితిని. "ఈ యెండలలో అక్కడ నేమున్నదని వచ్చెదవు? గిత్తలను జూచుటకా?" యని వారు పరిహసించిరి. గిత్తలను జూచు కోరిక లేకపోలేదు గాని నా మనసులో వేరొక యిల్లుండెను. ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశము పంతులుగారి తల్లి సుబ్బమ్మగారు అన్నము వండి అమ్మి బిడ్డలను సాకినది ఈ యూరనే గదా!

రైలు గుండ్లకమ్మ వంతెన దాటునప్పుడు క్రిందికి జూచితిని. ఏటిలో నీటి కంటె నిసుకయే యెక్కువ. పంతులుగారి బాల్యమున ఈ రైలుదారి లేదు. బెజవాడ గూడూరుల నడుమ రైలు నడచుట 1899లో మొదలయినది. అంతకు ముందు ఈ ప్రాంతమువారికి ఎడ్లబండియో కాలువపడవయో శరణ్యము. ఊరు సమీపించుచుండ కొండయు, దానిపై చెన్నకేశవస్వామి కోవెలయు గానవచ్చినవి. 1970లో ఒంగోలు జిల్లా యేర్పడగా, 1972లో దానికి ప్రకాశము జిల్లా యని పేరుపెట్టిరి. కాబట్టి ఏ బల్లపై జూచినను ఆయన పేరే.

పంతులుగారు 1872 ఆగష్టు 23వ తేదీన ఈ ప్రాంతముననే వినోదరాయునిపాలెములో జన్మించిరి. పదునొకండేండ్ల వయసున తండ్రి గోపాలకృష్ణయ్యగారు గతించిరి. సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ల యిల్లు పెట్టిరి. ఈ మాట వ్రాయుట సులభము. ఆ దినములలో కులస్త్రీ పూటకూళ్లు పెట్టుట యనిన బంధువుల నోట నెట్టి మాటలు వచ్చునో ఊహించుకొనుడు. మన సాహిత్యము మాత్రము తక్కువ చేసినదా? కన్యాశుల్కములో పూటకూళ్లమ్మ చీపురుకట్టతో వచ్చినంతనే మనము నవ్వుదుము. ఆమె తెల్లవారుజామున లేచి ఎందరికి ఎసరు పెట్టవలసియుండెనో ఆ నవ్వులో మనకు తోచదు.

నేనును నవ్వినదాననే. మా మేనత్త చిన్నతనముననే భర్తను పోగొట్టుకొని, ఒక పట్టణమున విద్యార్థులకు భోజనములు పెట్టి ఇద్దరు కొడుకులను చదివించినది. మా యింటి శుభకార్యములకు ఆమె వచ్చునుగాని యెన్నడును పంక్తిలో కూర్చుండగా జూడలేదు. వంటింటనే యుండును. "మీ అత్త యేమి చేయును?" అని తోడి బాలికలడుగగా, "ఊరక యింటనుండును" అని నేను చెప్పితిని. అప్పుడు నాకు పండ్రెండేండ్లు. నేటికిని ఆ మాట నన్ను బాధించుచునేయున్నది.

సుబ్బమ్మగారి కథలో నన్ను విడువని ఘట్టమొకటి గలదు. కుమారుని పరీక్షకు మూడు రూపాయలు రుసుము కట్టవలసివచ్చినది. మూడే రూపాయలు! అవియు లేక ఆమె తన పట్టుబట్ట కుదువబెట్టినది. మడి కట్టుకొను నింట పట్టుబట్ట యనిన నగ వంటిది గాదు, నిత్యము పొయ్యి యొద్ద కావలసిన వస్తువు. అది లేని దినములలో ఆమె యే తడిబట్టతో వండుకొనెనో గృహిణులకు వేరుగ చెప్పనేల?

పిదప ఇమ్మనేని హనుమంతరావు నాయుడుగారను ఉపాధ్యాయులు తాము రాజమహేంద్రవరమునకు పోవుచు బాలుని వెంట గొనిపోయిరి. అచ్చట ఆయన చిలకమర్తివారి నాటకములలో వేషములు వేసెను, ప్లీడరయ్యెను, పురపాలక సంఘాధ్యక్షుడయ్యెను. 1904లో మద్యమాంసములు ముట్టనని తల్లికి మాటయిచ్చి సీమకు వెళ్లి, బారిష్టరై 1907లో మరలివచ్చి, చెన్నపురి హైకోర్టులో విశేషముగ ధనమార్జించిరి. గాంధీగారి పిలుపునకు ఆ వృత్తిని విడిచి, 1921లో స్వరాజ్య పత్రికను స్థాపించి, ఆర్జించినదంతయు దానిలోనికే పోనిచ్చిరి. 1928 ఫిబ్రవరి 3వ తేదీన సైమను సంఘమునకు ప్రతికూలముగ చెన్నపురిలో జనులు లేచినపుడు తుపాకుల యెదుట రొమ్ము విప్పి నిలిచిన వృత్తాంతము మనబిడ్డలు పాఠములలో చదువుచునేయున్నారు. 1946లో మదరాసు ప్రధానియు, 1953లో ఆంధ్రరాష్ట్రమునకు మొదటి ముఖ్యమంత్రియు నయిరి. 1957లో మరణించునాటికి ఆయన చేత ధనము లేదు.

అందరు ఆయన త్యాగమును కొనియాడుదురు. నేనును కొనియాడుదును. అయినను ఆ పత్రికలోనికి వేలకు వేలు పోవుచుండగా ఆ యింటి స్త్రీలేమనుకొనిరో యను సంశయము నన్ను వదలదు. పిడికెడు గింజలెంచి పెరిగినవాడు లోభియైన గావలె, లెక్కయే మరచినవాడైన గావలె. ఆయన రెండవ త్రోవ పట్టెను. ఎవరు వచ్చినను విస్తరి వేయు నింట పెరిగిన గుణమే యది యని నా యభిప్రాయము. మావారు ఒప్పుకొనరు.

మూడవదినమున ఒక సందులో నలుగురు కూర్చుండదగిన చిన్న భోజనశాలకు పోతిమి. నడుపునది నడివయసు స్త్రీ. పప్పు, గోంగూర పచ్చడి, పులుసు. వేడి తగ్గని అన్నము. సుబ్బమ్మగారి యిల్లెచ్చటనుండెనని యడిగితిని.

"పంతులుగారి బొమ్మయితే చూపిస్తానమ్మా. వాళ్లమ్మగారి ఇల్లు నాకు తెలీదు. మజ్జిగ పోయనా?" అని, నా యుత్తరమునకై ఆగకయే పోసినది. వెల యిచ్చునపుడు, "సరిగా తినలేదు, సగమే ఇవ్వండి" అన్నది. మావారు బలవంతముగ పూర్తిగ ఇచ్చిరి.

తిరుగురైలులో వారితో వైశాఖమున జరుగు మా మరది పెండ్లి మాట యెత్తి, మొదటిపంక్తిలో నా ప్రక్కన మా మేనత్తకు విస్తరి వేయింపవలెనంటిని.

"ఆమె కూర్చుండునా?" అనిరి.

"కూర్చుండును. పులుసులో ఉప్పు చాలలేదని నడుమనే లేచి వంటింటికి పోవును" అంటిని.